ఎర్ర దారం గిన్నె

జనవరి 29

గుమ్మం నుంచి జలీలా సమాధి దాకా వెయ్యీ ఎనిమిది వందల అరవై అడుగులు. మొదటి రోజు లెక్కపెట్టలేదు, జనం మధ్య నడిచాను. నిన్న ఒక్కణ్ణే వెళ్ళి లెక్కపెట్టుకొచ్చాను. నా అడుగు డెబ్భై రెండు సెంటీమీటర్లు. స్ఫాక్స్ ఊరి చుట్టూ ఉన్న ఆలివ్ తోటలన్నీ ముప్ఫై నాలుగేళ్ళు ఆ అడుగుతోనే ముందు ఓసారి నడిచి, తర్వాత గొలుసుతో కొలిచేవాణ్ణి. తేడా పెద్దగా వచ్చేది కాదు.

ఇది ఉద్యోగం నాటి ఫీల్డు పుస్తకం. సగం ఖాళీగా మిగిలింది. ఎవరికీ చూపించేది కాదు.

పది రోజులైంది.

ఆసుపత్రిలో చివరి వారం ఆమె ఒకటే అడిగింది. "నేను పోయాక వచ్చే మొదటి పండగకి నన్ను ఒంటరిగా ఉంచకు. పొద్దున్నే రా. నడిచి రా మున్సిఫ్, టాక్సీలో వచ్చి టాక్సీలో పోకు." సరేనన్నాను. "మాట?" అంది. మాట అన్నాను. అదేం పెద్ద కోరికని అప్పుడు అనుకున్నాను.

రంజాన్ పండగకి ఇంకా డెబ్భై రెండు రోజులు.

జనవరి 30

జలీలా చెల్లెలు వసీలా వచ్చింది. బీరువా ఖాళీ చేద్దామంది. వద్దన్నాను. వంటింట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి బయటికొచ్చింది.

"ఏం తింటున్నావు బావా?"

"ఇరుగుపొరుగు పంపినవి."

"అవి అయిపోయాక?"

"వండుకుంటాను. మీ అక్క రాసిపెట్టిన పుస్తకం ఉందిగా."

ఏదో అనబోయి ఆగింది. "నీళ్ళు బాగా తాగు" అని మాత్రం చెప్పి వెళ్ళింది. వాళ్ళ అక్కా అంతే. నీళ్ళు, నీళ్ళు. తోటకి నీళ్ళు పెట్టినట్టు.

ఫిబ్రవరి 2

పుస్తకంలో మొదటి పేజీ: బార్లీ నూకల సూప్, ఎండు ఆక్టోపస్‌తో. రాసినట్టే చేశాను. ఆక్టోపస్ రెండు కాళ్ళు. ఇంకో కాలు ఎక్కువ వేశాను, డబ్బా తెరిచే ఉంది కదా అని.

చాలా బాగా వచ్చింది.

ఇక్కడ రాసుకోవచ్చు కాబట్టి రాస్తున్నాను. జలీలా ఈ మధ్య చేసినదానికంటే బాగుంది. కొన్నేళ్ళుగా ఆమె వంట చప్పబడింది. నా గిన్నెలో ఆక్టోపస్ ముక్క ఒక్కటే తేలేది. "ఇదేమిటి, దీన్ని చూసుకుంటూ తాగాలా?" అనేవాణ్ణి. "ధర మండిపోతోంది" అనేది. ఇప్పుడు చూస్తే డబ్బా నిండా ఉంది.

ఫిబ్రవరి 4

ఎదురింటి మబ్రూకా అక్క వచ్చి కూర్చుంది. ఎనభై దాటాయి. తన కుర్చీ తనే తెచ్చుకుంటుంది, మా కుర్చీలు లోతట.

"నీ పెళ్ళాం షర్మూలా లాంటిది ఈ వీధిలో ఇంకెవరి చేతా కాలేదు నాయనా. పండగ పొద్దున ఆ పళ్ళెం వస్తే మా ఆయన ప్రార్థన నుంచి పరిగెత్తుకొచ్చేవాడు. దేవుడు నన్ను క్షమించాలి, నేను చేసింది పిల్లికి పెట్టేదాన్ని."

థాంక్సన్నాను. చనిపోయినవాళ్ళ గురించి మంచి మాట చెప్పాలనేది మర్యాద. ఉల్లిపాయలు, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, ఆలివ్ నూనె. రెండు రోజులు సన్నటి సెగ మీద నల్లబడేదాకా మగ్గబెట్టి, ఉడికించిన ఉప్పు చేపకి నంజుకుంటాం. అది లేనిది స్ఫాక్స్‌లో పండగ లేదు. జలీలా షర్మూలా మొదట్లో నిజంగానే గొప్పగా ఉండేది. తర్వాత్తర్వాత చప్పిడి.

మబ్రూకా అక్క నాలుక కూడా ముసలిదైపోయినట్టుంది.

ఫిబ్రవరి 6

గొర్రె కాలేయం, జీలకర్ర, మిరప. పేజీ 9. బాగుంది.

ఫిబ్రవరి 7

కుడికాలి బొటనవేలు. కొత్త చెప్పు కరిచింది.

ఫిబ్రవరి 8

చెప్పు కాదేమో. మెట్టు తగిలి ఉంటుంది. వేలు మొదట్లో ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. దుప్పటి అంచు తగిలితే పళ్ళు బిగబట్టాల్సి వస్తోంది. కిటికీ తెర గాలికి ఊగి కాలు మీదకి వస్తుందేమోనని దాన్ని ముడివేశాను.

ఇది అది కాదు. అది పదకొండేళ్ళ కిందటే పోయింది.

ఫిబ్రవరి 9, శుక్రవారం

సమాధి దగ్గరికి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 12

వసీలా బలవంతం మీద డాక్టరు దగ్గరికి. టాక్సీలో. పాత డాక్టరు రిటైరయ్యాడు, ఆయన గదిలో ఇప్పుడు కమ్మూన్ వాళ్ళమ్మాయి కూర్చుంటోంది. చిన్న వయసు. పాత కాగితాలన్నీ ముందుంచుకుంది.

"గౌటే మున్సిఫ్ గారూ, ఆ పాత కీళ్ళ జబ్బే. యూరిక్ యాసిడ్ తొమ్మిదిన్నర దాటింది. ఏం తింటున్నారు?"

"మా ఆవిడ వండేవే. ఆమె పుస్తకం చూసి చేసుకుంటున్నాను. అదే పొయ్యి, అవే గిన్నెలు. పదకొండేళ్ళు అదే తిన్నాను, ఒక్కరోజు కాలు నొప్పి ఎరగను. కాబట్టి తిండి కాదు. చలి కావచ్చు. మనసు బాగోలేక కావచ్చు."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "తిండి ఒక్కటే కాదు, నిజమే. వంశంలో ఉంటుంది, మూత్రపిండాల్లో ఉంటుంది. కానీ ఉన్నవాళ్ళకి అగ్గిపుల్ల గీసేది చాలాసార్లు తిండే. కాలేయం, గొర్రె మాంసం, ఎండబెట్టిన చేపలు, తీపి పానీయాలు. పాత డాక్టరుగారిచ్చిన మాత్ర వేసుకుంటున్నారా?"

"ఎప్పుడో మానేశాను. తగ్గిపోయింది కదా."

"మాత్ర కూడా లేకుండా పదకొండేళ్ళా?" కాగితాలు మళ్ళీ తిరగేసింది. "అయితే మిమ్మల్ని ఎవరో బాగా కాపలా కాశారు."

దేవుడు, అన్నాను.

ఏం తినకూడదో రాసి ఇచ్చింది. పదకొండేళ్ళ కిందట కూడా ఇలాంటి కాగితమే ఇచ్చారు. జలీలా దాని ప్రకారం వండితే వారం తిన్నాను. తర్వాత అతిథుల ముందు పళ్ళెం తోసేసి, నేను రోగిని కాను, రోగి కూడు పెట్టకు అన్నాను. రెండు రోజులు ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. మూడోరోజు ఆ కాగితం కనబడలేదు. మామూలు వంట మొదలైంది. నొప్పి మళ్ళీ రాలేదు. నా మొండితనమే గెలిచిందని చాలాసార్లు చాలామందికి చెప్పాను.

మందులు తెచ్చాను. నొప్పికి ఇచ్చింది వేసుకున్నాను. రోజూ వేసుకోమన్నది సొరుగులో ఉంది.

ఫిబ్రవరి 16, శుక్రవారం

వెళ్ళాను. వెయ్యీ తొమ్మిది వందల ముప్ఫై. డెబ్భై ఎక్కువ. దారి మారలేదు.

ఫిబ్రవరి 27

నలభయ్యో రోజు. గొర్రెను కోయించి, గోధుమ నూకల కుస్‌కుస్ చేయించి పెట్టాం. ఖురాన్ చదివినవాళ్ళు, వీధివాళ్ళు, పాత ఆఫీసువాళ్ళు ఇద్దరు. అందరూ తిని వెళ్ళిపోయారు. చాలా మిగిలింది. పారబోయలేను, ఆమె పేరున వండింది.

ఫిబ్రవరి 28

నిన్నటిదే.

ఫిబ్రవరి 29

నిన్నటిదే.

మార్చి 2

మోకాలు. ఎడమది. వాతావరణం మారుతోంది, సముద్రం మీంచి తేమగాలి.

మార్చి 5

ఇంట్లో మాట వినబడక ఎన్నాళ్ళయిందని ఇవాళ రేడియో పెట్టాను. చేపల ధరలు చదివాడు. కట్టేశాను.

వంటింట్లో పైఅరలో జలీలా గిన్నెలు సర్దాను. ఒకే అచ్చు గిన్నెలు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నదాని చెవికి ఎర్ర దారం కట్టి ఉంది. దిష్టికి కట్టుంటుంది. చిన్న గిన్నె నాకు పనికిరాదు, పైనే ఉంచాను.

మార్చి 12

ఉపవాసాలు మొదలు. డాక్టరు ఈ ఏడాది వద్దంది, ఒంట్లో నీళ్ళు తగ్గితే కీళ్ళకి మంచిది కాదంది. పదేళ్ళ వయసు నుంచి ఒక్కటీ వదల్లేదు. ఈ ఏడాది వదిలితే ఇంట్లో రోజుకి రూపమేముంటుంది?

పొద్దుగుంకి ఫిరంగి మోగాక సూప్. ఆక్టోపస్ మూడు కాళ్ళు.

మార్చి 14

సూప్. ఖర్జూరాలు. ఎదురు కుర్చీ గోడవైపు తిప్పి పెట్టాను.

మార్చి 15, శుక్రవారం

వెళ్ళలేదు.

మార్చి 17

రెండు చీలమండలూ.

మార్చి 19

వసీలా తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చింది. నేను వంటింటి నుంచి గదికి వస్తున్నాను. కుర్చీ ముందుకు జరపడం, దాన్ని పట్టుకుని ఒక అడుగు, మళ్ళీ జరపడం. పద్ధతి బాగానే పనిచేస్తోంది. ఆమె చూడకుండా ఉంటే బాగుండేది.

"ఇదేంటి బావా ఇదీ? ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు రోజులు."

"నీ రెండు రోజులు నాకు తెలుసు! ఫోన్ చేస్తే 'అంతా బాగుంది వసీలా', 'అంతా బాగుంది వసీలా'. సర్వే రిపోర్టు చదివినట్టు చదువుతావు. ఉపవాసం కూడా ఉంటున్నావా?"

"ఉంటున్నాను."

"దేవుడు నీ ఉపవాసం అడిగాడా, నీ మోకాలు అడిగాడా?"

వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు కాసేపు గట్టిగా వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

"చిన్న గిన్నె పైన ఎందుకుంది?"

"దాంతో నాకేం పని?"

"పుస్తకంలో ఉన్నదే వండుతున్నావా? ఉన్నదున్నట్టు?"

"మరి? మీ అక్క రాసిందేగా."

కుళాయి వదిలి చాలాసేపు గిన్నెలు తోమింది. వెళ్ళేటప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అక్క గుర్తొచ్చి ఉంటుంది.

మార్చి 23

పండగకి పద్దెనిమిది రోజులు. ఇవాళ మంచం నుంచి తలుపుకి పదకొండు అడుగులు, కుర్చీతో.

వెయ్యీ ఎనిమిది వందల అరవై.

మార్చి 28

నొప్పి కాస్త తగ్గింది. ఉప్పు చేప కొనడానికి పాత ఊళ్ళోకి వెళ్ళాను. కోట ద్వారం దాకా టాక్సీ, అక్కడి నుంచి చేతికర్ర. పండగకి ఆమెలాగే షర్మూలా చేసి వీధికి పళ్ళేలు పంపాలని నిశ్చయించుకున్నాను. నడవలేకపోతే కనీసం అదైనా.

హమాదీ దుకాణం. చేపలు మోకాళ్ళెత్తు ఉప్పులో వరసగా పడుకుని ఉన్నాయి. వాసన వీధి మలుపు నుంచే తెలుస్తుంది. నన్ను చూసి చేతులు తుడుచుకుని బయటికొచ్చాడు, దగ్గరికి తీసుకున్నాడు. ఆమె మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పి, కత్తి అందుకున్నాడు.

"ఎప్పటిలాగే రెండు పొట్లాలు కదా సర్వేయరుగారూ?"

"రెండెందుకు?"

"పెద్దది వీధికి. చిన్నది మీకు."

"నాకేమిటి వేరే?"

కత్తి ఆగింది. పక్క దుకాణంలో మసాలాల మనిషి కూడా తలెత్తాడు.

"మీది... మీది ఉప్పు చేప కాదు కదండీ. పచ్చి చేప. నేను ముందురోజు పొద్దున తెప్పించేవాణ్ణి. అరచేతి మందం ముక్క, ఒక్క పూట ఉప్పు చూపించి తీసెయ్యాలి. పైకి చూడటానికి ఒకటే. జలీలా తల్లి ఇక్కడే నిలబడి ఉప్పు కడిగించుకునేది. నేనొకసారి నవ్వాను కూడా, 'ఏం తల్లీ, మొగుడికి పెళ్ళికాని చేప పెడుతున్నావు' అని."

మసాలాల మనిషి గొంతు కలిపాడు. "ఎండుద్రాక్ష కూడా అంతే హమాదీ. వీధికి రెండు కిలోలు, ఇంటికి గుప్పెడు."

"నువ్వు ఊరుకో!"

"ఎన్నేళ్ళుగా?" అన్నాను.

"పదేళ్ళు దాటి ఉంటుందండీ." హమాదీ కత్తి కింద పెట్టాడు. "అయ్యా, మీకు తెలియదా? ఈ వరసలో అందరికీ తెలుసు. తెలిసే తింటున్నారనుకున్నాం."

తెలుసన్నాను. మర్చిపోయానన్నాను.

కొనలేదు.

మార్చి 29

శుక్రవారం. ఇంట్లోనే.

నాలుగేళ్ళ కిందటి పండగ. బల్ల దగ్గర వసీలా, వాళ్ళాయన, నా ఆఫీసు మిత్రుడు ఒకడు. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకుని అన్నాను: "నీ చెయ్యి చచ్చిపోయింది జలీలా. ఉప్పూ లేదు, తీపీ లేదు. వీధికి పంపకు, పరువు పోతుంది." మిత్రుడు నవ్వాడు. జలీలా కూడా నవ్వింది. "వయసు మీద పడింది కదా మున్సిఫ్, ఎంతని చేస్తాను?" అంది.

వసీలా నవ్వలేదు. నీళ్ళు తెస్తానని లేచి వెళ్ళింది. అది ఇవాళ గుర్తొచ్చింది.

ఆ ఒక్కసారే అనలేదు. మామూలు రోజుల్లోనూ అనేవాణ్ణి. చెంచా పక్కన పెట్టి, నిట్టూర్చి. ఎన్నిసార్లో లెక్కలేదు. జీవితమంతా లెక్కలు పెట్టినవాణ్ణి, అది లెక్కపెట్టలేదు.

మార్చి 30

టాక్సీలో వసీలా ఇంటికి. తలుపు తీసి, నా మొహం చూసి, "హమాదీ చెప్పాడా?" అంది.

"నువ్వు చెప్పొచ్చుగా."

"ఒట్టు వేయించుకుంది. ఆసుపత్రిలో కూడా మళ్ళీ వేయించుకుంది."

"ఎందుకు?"

"ఎందుకేమిటి! చెప్తే నువ్వు తినవు. 'ఆయనకి తెలిస్తే మంచినీళ్ళు కూడా ముట్టకుండా అలుగుతాడే' అనేది. నీ పంతం నీకు తెలియదు బావా, మాకు తెలుసు." కూర్చోమని స్టూలు జరిపింది, కాలు పెట్టుకోవడానికి ఇంకోటి జరిపింది. "ఆక్టోపస్ సూప్ పెద్ద గిన్నెలో. నీకు ఎర్ర దారం గిన్నెలో ఒట్టి బార్లీ, టమాటా, ధనియాలు. పెద్ద గిన్నె నుంచి ఒక్క ముక్క తీసి పైన వేసేది, వాసనకి. పెద్ద గిన్నెది మబ్రూకాకి, మాకు పంపేసేది. మాంసం కూరా అంతే. నీ వంతు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు కూరలో వేసేది. రెండింతల పని."

"పుస్తకంలో ఇవేవీ లేవు."

"ఎలా ఉంటాయి? నువ్వు తీసి చదువుతావుగా! అందుకే పుస్తకంలో ఊరివంట రాసింది. నీ వంట తలలో పెట్టుకుంది."

ఊరివంట. నేను రెండు నెలలుగా తిన్నది అది.

"మరి చచ్చిపోయేముందు... ఈ నొప్పి మళ్ళీ వస్తుందని ఆమెకి తెలియదా?"

"తెలుసు. నాకు అప్పగించింది. మెల్లగా నేర్పమంది, ఒకేసారి చెప్పొద్దంది. నేనేమో..." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు ఆ పుస్తకం చంకలో పెట్టుకుని తిరుగుతుంటే ఎలా చెప్పను? 'మా ఆవిడ రాసిందే, మా ఆవిడ రాసిందే' అంటుంటే. అదీ లాక్కోనా నీ దగ్గర్నుంచి?"

"ఆమె ఏది తినేది?" అని అడిగాను.

"నీ గిన్నెలోదే. నీకు అనుమానం రాకుండా. ఉప్పు చేపంటే ప్రాణం దానికి, నీకు తెలుసుగా. పండగ రెండోరోజు మా ఇంటికొచ్చేది కదా, పొయ్యి దగ్గర నిలబడి రెండు ముక్కలు తినేది, దొంగలా. వేళ్ళు నాలుగుసార్లు సబ్బుతో కడుక్కునేది. తర్వాత నిమ్మకాయ రుద్దుకునేది."

ఆ నిమ్మకాయ వాసన నాకు తెలుసు. పండగ రెండోరోజు సాయంత్రం ఆమె చేతులు నిమ్మకాయ వాసన వేసేవి. వసీలా వాళ్ళింట్లో సబ్బు అదేమో అనుకునేవాణ్ణి.

మార్చి 31

సొరుగులోంచి మాత్ర తీసి వేసుకున్నాను. డాక్టరుకి ఫోన్ చేసి ఇప్పుడు మొదలుపెట్టొచ్చా అని అడిగాను. నొప్పి మందుతో కలిపి, మెల్లగా పెంచమంది. ఉపవాసం మానేశాను. మానిన ప్రతిరోజుకీ ఒకరికి భోజనం పెట్టాలి, మసీదు దగ్గర ఏర్పాటు చేశాను. మధ్యాహ్నం వీధంతా ఉపవాసం ఉన్నప్పుడు తలుపు వేసుకుని నీళ్ళు తాగుతుంటే దొంగతనంగా ఉంది.

ఆమెకి పదకొండేళ్ళు ఇలాగే ఉండి ఉంటుంది.

ఏప్రిల్ 1

వసీలా ఎర్ర దారం గిన్నె దించి బార్లీ సూప్ నేర్పింది. ఆక్టోపస్ లేకుండా. నోట్లో పెట్టుకోగానే తెలిసింది. ఈ రుచే. పదకొండేళ్ళు నేను తిట్టిన రుచి ఇదే.

ఏప్రిల్ 2

వాకిట్లో నలభై అడుగులు. కర్రతో.

ఏప్రిల్ 4

మూడు వందలు. వీధి మలుపు దాకా వెళ్ళి వచ్చాను. మబ్రూకా అక్క కిటికీలోంచి, "ఏం నాయనా, వీధి కొలుస్తున్నావా? ఇంకా అంతే ఉంది, ఎవరూ ఎత్తుకుపోలేదు" అంది.

ఏప్రిల్ 6

ఆరు వందలు. తర్వాత మంచం. కాలు వాచింది కానీ మెరవలేదు.

ఏప్రిల్ 8

షర్మూలా. వసీలా పొద్దున్నే వచ్చింది. ముందు గుమ్మంలోనే వాదన.

"దుఃఖం ఉన్న ఇంట్లోంచి మొదటి పండక్కి పళ్ళెం పంపుతారా ఎవరైనా? వాళ్ళే మనకి తెస్తారు బావా."

"తీపి వంటలు చేయను. ఇది మాత్రం పంపుతాను. ఆమె ఏ ఏడాదీ ఆపలేదు."

"ఐదు కిలోల ఉల్లిపాయలు. ఎవరు తరుగుతారు?"

"నేను."

తరిగాను. వసీలా నా మొహం వైపు చూడకుండా, నాకు వీపు చేసి కూర్చుని ఎండుద్రాక్ష నూరింది.

పెద్ద గిన్నె పొయ్యి ఎక్కాక చిన్న గిన్నె అందుకుంది. ఉల్లిపాయలు, గుప్పెడు ఎండుద్రాక్ష. తర్వాత సంచిలోంచి కారెట్లు తీసింది.

"ఇవేమిటి?"

"మిగతా ఎండుద్రాక్షకి బదులు. సన్నగా తురిమి, నల్లబడేదాకా మగ్గనివ్వాలి. రంగు వస్తుంది."

"షర్మూలాలో కారెట్టా!"

"పదకొండేళ్ళు తిన్నావు. గుర్తుపట్టావా?"

"లేదు."

"మరి కొలతల మనిషివి!"

ఇద్దరం నవ్వాం. ఆమె ముందు ఆపింది.

ఏప్రిల్ 9

పొద్దున్నుంచీ సన్నటి సెగ. రెండు గిన్నెలూ. కలపడం తప్ప వేరే పని పెట్టుకోలేదు. హమాదీ తన మనిషి చేత రెండు పొట్లాలు పంపాడు. చిన్నదాని మీద కాగితానికి ఎర్ర దారం చుట్టాడు. వసీలా చెప్పి ఉంటుంది.

నెలవంక కనబడిందట. రేపే.

ఏప్రిల్ 10, పండగ

ప్రార్థన అయ్యాక మసీదు మెట్ల మీద జనం ఒకరినొకరు హత్తుకుంటున్నారు. వసీలా వాళ్ళాయన కారు తీసుకొచ్చి నిలబెట్టాడు. "అన్నయ్యా, సగం దూరం కార్లో, సగం నడక. ఎవరికి తెలుస్తుంది?"

"ఆవిడకి."

కారు అక్కడే వదిలి వెనకే నడిచాడు, పది అడుగుల దూరంలో. చూడనట్టు నటించాను.

ఇంటి గుమ్మం దగ్గర్నుంచే మొదలుపెట్టాను, లెక్క తప్పకుండా. బేకరీ దగ్గర ఒకసారి ఆగాను. శ్మశానం గోడ దగ్గర ఇంకోసారి. అక్కడ చాలాసేపు. ఎడమ మోకాలు మొత్తం బరువు ఒప్పుకోలేదు.

రెండువేల నాలుగు వందల ఎనభై.

అంటే నా అడుగు ఇప్పుడు యాభై నాలుగు సెంటీమీటర్లు. దారి పెరగలేదు.

ఆమె సమాధి పక్కన కూర్చున్నాను. చుట్టూ జనం, పిల్లలు, కొత్త బట్టలు. రాయి మీద నీళ్ళు పోశాను, మూలన పక్షులు తాగే గుంట నింపాను. నడిచి వచ్చానని చెప్పాను. తర్వాత చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి, నిన్న పొయ్యి దగ్గర కూర్చుని వరసగా అనుకున్నాను కూడా. ఒక్కటీ రాలేదు. నడిచి రమ్మని ఎందుకు అడిగిందో మాత్రం అక్కడ కూర్చున్నప్పుడు అర్థమైంది. ఏప్రిల్ దాకా నా కాళ్ళు నేను చూసుకోవాలంటే ఆమెకి వేరే దారి కనబడి ఉండదు.

తిరిగి వచ్చేటప్పుడు కారెక్కాను. తిరుగుదారి గురించి మాట ఇవ్వలేదు.

పళ్ళేలు వీధికి పంచాను. తొమ్మిది ఇళ్ళు. మబ్రూకా అక్క గుమ్మంలోనే వేలితో రుచి చూసింది. కళ్ళు మూసుకుంది.

"దుఃఖం ఇంటి నుంచి పళ్ళెం వస్తుందనుకోలేదు నాయనా. ఇది జలీలాదే. దాచి ఉంచిందా?"

"అవునక్కా. దాచి ఉంచింది."

పెద్ద పొట్లంలోంచి రెండు ముక్కలు పక్కన పెట్టి వసీలాకిచ్చాను. పొయ్యి దగ్గర నిలబడి తినమన్నాను. తింది. చేతులు కడుక్కోబోతే, అక్కర్లేదన్నాను.

అందరూ వెళ్ళిపోయారు. గోడవైపు తిప్పిన కుర్చీని మళ్ళీ బల్లవైపు తిప్పాను. ఎర్ర దారం గిన్నె మధ్యలో పెట్టుకున్నాను. అరచేతి మందం చేప, కారెట్ షర్మూలా, రొట్టె.

ఉప్పు లేదు. తీపి లేదు. అచ్చం ఆమె చేసినట్టే ఉంది.

గిన్నె అడుగు దాకా రొట్టెతో తుడుచుకుని తిన్నాను. ఎప్పుడూ సగం వదిలేసేవాణ్ణి.

"బాగుంది" అన్నాను. పైకే అన్నాను.